లైన్ బాగానే ఉన్నా నెట్ నెమ్మదిస్తుంటే: ఫైర్‌వాల్‌పై బ్యాండ్‌విడ్త్ సమస్యలు, పరిష్కారాలు

పాతిక ముప్ఫై కంప్యూటర్లున్న ఒక ఆడిటింగ్ ఆఫీసును ఉదాహరణగా తీసుకుందాం. నెలలో మిగతా రోజుల్లో ఇంటర్నెట్ మీద ఎవరికీ ఫిర్యాదు ఉండదు. జీఎస్టీఆర్-3బీ గడువైన 20వ తేదీ దగ్గరపడేసరికి మాత్రం పోర్టల్ పేజీ తెరుచుకోవడం లేదని ఒకరు, క్లయింటుతో వీడియో కాల్‌లో మాట తెగిపోతోందని మరొకరు సిస్టమ్ అడ్మిన్ దగ్గరికి వస్తారు. సర్వీస్ ప్రొవైడర్‌కు ఫోన్ చేస్తే లైన్ బాగానే ఉందంటారు, స్పీడ్ టెస్ట్ కూడా అదే చూపిస్తుంది. ఇలాంటప్పుడు ఎక్కువ మంది చేసే పని పెద్ద ప్లాన్‌కు మారడం. దానికంటే ముందు చూడవలసింది ఫైర్‌వాల్‌ను, అంటే ఆఫీసు నెట్‌వర్క్‌కూ ఇంటర్నెట్‌కూ మధ్య నిలిచి రాకపోకలను నియంత్రించే పెట్టెను. ఇక్కడి వివరణ పీఎఫ్‌సెన్స్ అనే ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్‌ను దృష్టిలో పెట్టుకుని రాసినది. అలాంటిదే అయిన ఓపీఎన్‌సెన్స్‌లో మెనూల పేర్లు వేరైనా, రెండింటిలోనూ అడుగున పనిచేసేది ఫ్రీబీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ట్రాఫిక్ వేగాన్ని అదుపు చేసే డమ్మీనెట్ కాబట్టి పద్ధతి ఒకటే.

సమస్య 1: ఒకరు పెద్ద ఫైల్ పంపగానే అందరికీ నెట్ నెమ్మదిస్తోంది

ముందుగా కారణాన్ని నిర్ధారించుకోవాలి. వైఫై కాకుండా కేబుల్‌తో కలిపిన ఒక కంప్యూటర్ నుంచి ప్రొవైడర్ గేట్‌వేకు గానీ గూగుల్ సర్వర్ 8.8.8.8కు గానీ ఆగకుండా పింగ్ (ఒక చిన్న ప్యాకెట్ వెళ్లి రావడానికి పట్టే సమయాన్ని కొలిచే పరీక్ష) నడపండి. లైన్ ఖాళీగా ఉన్నప్పుడు ఎన్ని మిల్లీసెకన్లు వస్తోందో రాసుకుని, ఇంకో కంప్యూటర్ నుంచి ఒక పెద్ద ఫైల్‌ను అప్‌లోడ్ చేయండి. పది, ఇరవై మిల్లీసెకన్లున్న పింగ్ కొన్ని వందలకు ఎగబాకి, అప్‌లోడ్ ఆపగానే మళ్లీ దిగిపోతే, లైన్‌లో లోపం లేదనీ, ప్యాకెట్లు మోడెంలో పేరుకుపోతున్నాయనీ అర్థం.

అది ఎలా జరుగుతుందో ఒక లెక్కతో చూడవచ్చు. మోడెంలో 1 మెగాబైట్ బఫర్ (ప్యాకెట్లు వేచి ఉండే చోటు), లైన్‌కు 5 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉన్నాయనుకుందాం. 1 మెగాబైట్ అంటే 8 మెగాబిట్లు కాబట్టి, బఫర్ నిండాక చివర చేరిన ప్యాకెట్ బయటపడటానికి 1.6 సెకన్లు పడుతుంది. మాటలు మోసే ప్యాకెట్ ఒకవైపు ప్రయాణానికి 150 మిల్లీసెకన్లు దాటకుండా చూసుకోవాలని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ జీ.114 సిఫారసు చెబుతుంది. కాబట్టి ఈ పరిస్థితిలో సంభాషణ సాగే అవకాశమే లేదు. పైగా ఇబ్బంది అప్‌లోడ్‌తో ఆగదు. 100 ఎంబీపీఎస్ వేగంతో డౌన్‌లోడ్ జరగాలంటే, అందినట్టు తెలిపే అక్నాలెడ్జ్‌మెంట్ల కోసమే ఎదురు దిశలో సుమారు 1.7 ఎంబీపీఎస్ కావాలి. అవి కూడా ఆ బఫర్‌లోనే చిక్కుకుంటాయి కాబట్టి డౌన్‌లోడ్ కూడా కుంటుపడుతుంది. 2010 ప్రాంతంలో జిమ్ గెటిస్ ఈ జబ్బుకు బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టాడు. 2012లో క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ దీనికి మందుగా, ప్యాకెట్లు క్యూలో ఎక్కువసేపు నిలవకుండా చూసే కోడెల్ పద్ధతిని ప్రతిపాదించారు. దాన్ని ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో క్యూ చొప్పున అమలుచేసే ఎఫ్‌క్యూ-కోడెల్ 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8290 అనే ఇంటర్నెట్ పత్రంగా వెలువడింది. అదే ఏడాది వచ్చిన పీఎఫ్‌సెన్స్ 2.4.4 నుంచి దీన్ని మెనూలోనే ఎంచుకోవచ్చు.

పరిష్కారంలోని సూత్రం ఒక్కటే: క్యూ ఎక్కడ ఏర్పడితే అక్కడే దాన్ని అదుపు చేయగలం కాబట్టి, అది మోడెంలో కాకుండా ఫైర్‌వాల్‌లో ఏర్పడేటట్టు చేయాలి. అందుకోసం ఫైర్‌వాల్ పంపే వేగాన్ని లైన్ అసలు వేగం కంటే కొద్దిగా తగ్గించాలి. వేగాన్ని ఇలా అదుపు చేసే ట్రాఫిక్ షేపర్‌లోని లిమిటర్స్ ట్యాబ్‌లో అప్‌లోడ్‌కు ఒకటి, డౌన్‌లోడ్‌కు ఒకటి లిమిటర్ తయారుచేసి, కొలిచిన వేగంలో 90 శాతాన్ని వాటికి ఇవ్వండి. షెడ్యూలర్‌గా (ఏ ప్యాకెట్ ముందు వెళ్లాలో నిర్ణయించేది) ఎఫ్‌క్యూ-కోడెల్‌ను ఎంచుకుని, ఒక్కోదాని కింద ఒక్కో క్యూ చేర్చండి. తరువాత ఫ్లోటింగ్ రూల్స్‌లో వ్యాన్ (ఇంటర్నెట్ వైపు) ఇంటర్‌ఫేస్ మీద, అవుట్ దిశలో, మ్యాచ్ చర్యతో ఒక రూల్ రాసి, అందులో గేట్‌వేను తప్పనిసరిగా ఎంచుకుని, ఇన్ పైప్‌గా అప్‌లోడ్ క్యూను, అవుట్ పైప్‌గా డౌన్‌లోడ్ క్యూను పెట్టండి. ఈ రెండింటినీ తారుమారు చేయడం తరచుగా జరిగే పొరపాటు. అలా జరిగితే డౌన్‌లోడ్ వేగం అప్‌లోడ్ పరిమితికి పడిపోతుంది కాబట్టి వెంటనే గుర్తుపట్టవచ్చు.

మళ్లీ పింగ్ నడుపుతూ అప్‌లోడ్ చేయండి. పింగ్ పెద్దగా కదలకపోతే పరిమితిని కొంచెం కొంచెంగా పెంచుకుంటూ వెళ్లి, అది కదలడం మొదలైన చోట ఒక మెట్టు వెనక్కి రండి. ప్యాకెట్ క్యూలో ఎంతసేపు ఆగవచ్చో చెప్పే టార్గెట్ 5 మిల్లీసెకన్లు, దాన్ని గమనించే వ్యవధి అయిన ఇంటర్వల్ 100 మిల్లీసెకన్లు అని ముందే ఉండే విలువలను ముట్టుకోవలసిన అవసరం మామూలు లైన్లలో రాదు. 1 ఎంబీపీఎస్ వంటి బాగా నెమ్మదైన అప్‌లోడ్‌లో మాత్రం 1500 బైట్ల ఒక్క ప్యాకెట్ వెళ్లడానికే 12 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి టార్గెట్‌ను దానికంటే ఎక్కువకు పెంచాలి.

సమస్య 2: రూల్ రాసినా ఏ మార్పూ లేదు

లిమిటర్ కొత్తగా మొదలైన కనెక్షన్లకే వర్తిస్తుంది. రూల్ రాయకముందు మొదలైన బ్యాకప్ పాత స్టేట్‌తోనే (కనెక్షన్ గురించి ఫైర్‌వాల్ రాసుకున్న నమోదు) కొనసాగుతూ పరిమితిని పట్టించుకోదు. డయాగ్నోస్టిక్స్‌లోని స్టేట్స్ పేజీకి వెళ్లి స్టేట్ టేబుల్‌ను రీసెట్ చేస్తే సరిపోతుంది. అయితే అందరి కనెక్షన్లూ ఒకసారి తెగుతాయి కాబట్టి రిటర్నులు సమర్పిస్తున్న సమయంలో ఆ పని పెట్టుకోకూడదు.

మన దగ్గర ఎక్కువగా కనిపించే కారణం ఇంకొకటి ఉంది. నెల మొదట్లో చక్కగా పనిచేసిన షేపర్ నెలాఖరుకు పనిచేయడం మానేస్తే, ప్లాన్‌లోని ఎఫ్‌యూపీ (ఇంత డేటా వాడాక వేగం తగ్గించే షరతు) పరిమితి దాటిందేమో చూడండి. లైన్ వేగం 100 నుంచి 10 ఎంబీపీఎస్‌కు పడిపోయిన రోజున 90 దగ్గర పెట్టిన లిమిటర్ ఎప్పటికీ నిండదు, క్యూ మళ్లీ మోడెంలోకే చేరుతుంది. ఆ పది రోజులకు అంకెలు మార్చడం ఒక దారి. ఆఫీసు అవసరం నిజంగా ఆ పరిమితిని మించుతుంటే, ఎఫ్‌యూపీ లేని తక్కువ వేగం లైన్ తీసుకోవడమే మేలని నా అభిప్రాయం. ఎప్పుడూ మారని 50 ఎంబీపీఎస్‌ను లెక్క ప్రకారం పంచవచ్చు, ఎప్పుడు పడిపోతుందో తెలియని 100 ఎంబీపీఎస్‌ను పంచలేము.

ఫైర్‌వాల్ మీదే స్క్విడ్ ప్రాక్సీ (యూజర్ల తరఫున వెబ్ పేజీలు తెచ్చే సాఫ్ట్‌వేర్) నడుపుతుంటే, బయటకు వెళ్లే కనెక్షన్ యూజర్ కంప్యూటర్ పేరున కాకుండా ఫైర్‌వాల్ పేరున మొదలవుతుంది. అందువల్ల ల్యాన్ (ఆఫీసు వైపు) మీద యూజర్ల వారీగా రాసిన షేపింగ్ అక్కడ అనుకున్నట్టు పనిచేయదు.

సమస్య 3: కాల్స్‌కు ఎక్కువ వెయిట్ ఇచ్చినా ప్రాధాన్యం దక్కడం లేదు

లిమిటర్ కింద రెండు క్యూలు పెట్టి, కాల్స్‌కు 80, మిగతావాటికి 20 వెయిట్ (వాటా) ఇచ్చి, షెడ్యూలర్‌గా ఎఫ్‌క్యూ-కోడెల్‌ను ఉంచితే ఆ వెయిట్లకు విలువ ఉండదు, ఎందుకంటే ఆ షెడ్యూలర్ వాటిని లెక్కలోకి తీసుకోదు. వెయిట్లు పనిచేయాలంటే డబ్ల్యూఎఫ్2క్యూ+ వంటి షెడ్యూలర్ కావాలి. అయితే చాలా ఆఫీసులకు అంత దూరం వెళ్లనక్కర్లేదు. అప్పుడప్పుడూ చిన్న ప్యాకెట్లు పంపే కనెక్షన్లను ఎఫ్‌క్యూ-కోడెల్ తనంతట తానే ముందుకు పంపుతుంది, ఫోన్ కాల్ సరిగ్గా అలాంటిదే. జీ.711 కోడెక్‌తో (మాటను డేటాగా మార్చే పద్ధతి) సాగే కాల్‌కు ఒక్కో దిశలో సుమారు 80 కేబీపీఎస్ చాలు. పది కాల్స్ ఒకేసారి నడిచినా 1 ఎంబీపీఎస్ నిండదు.

వెయిట్లు తప్పనిసరైతే, ముఖ్యమైనవాటిని పైకి ఎత్తడానికి బదులు భారీవాటిని కిందికి దించమని చెబుతాను. గూగుల్ మీట్ యూడీపీ 3478, 19305 వంటివి, జూమ్ 8801 నుంచి 8810 వరకు పోర్టులు వాడతాయన్నది నిజమే. కానీ ఆ దారి మూసుకుపోతే అవి వెబ్‌సైట్లు వాడే 443 పోర్టుకు మారతాయి, అక్కడ మిగతా వెబ్ ట్రాఫిక్ నుంచి వాటిని వేరుచేయడం కష్టం. ఇంటర్నెట్ నుంచి వచ్చే ప్యాకెట్ల మీది డీఎస్‌సీపీ (ప్రాధాన్యాన్ని తెలిపే) గుర్తులనూ నమ్ముకోలేము, దారిలో ఎవరైనా వాటిని చెరిపేయవచ్చు. రాత్రీపగలూ క్లౌడ్‌కు వీడియో పంపే సీసీటీవీ ఎన్‌వీఆర్ (రికార్డర్), బ్యాకప్ తీసే సర్వర్ మాత్రం మన చేతిలోనివే. వాటికి స్థిరమైన ఐపీ చిరునామాలిచ్చి, ఆ చిరునామాల ట్రాఫిక్‌ను తక్కువ వెయిట్ క్యూలోకి పంపితే ఆ రూల్‌ను మళ్లీ మళ్లీ సరిదిద్దవలసిన పని ఉండదు.

సమస్య 4: తలా సమానంగా పంచమంటే ఒక్కరే లైనంతా వాడేస్తున్నారు

ఇది మాస్క్‌ను, అంటే ట్రాఫిక్‌ను చిరునామాల వారీగా విడదీసే సెట్టింగును, తప్పు చోట పెట్టడం వల్ల వస్తుంది. లిమిటర్‌కే మాస్క్ పెడితే ప్రతి చిరునామాకూ విడిగా ఒక లిమిటర్ పుడుతుంది, అంటే 90 ఎంబీపీఎస్ ఒక్కొక్కరికీ పూర్తిగా ఇచ్చినట్టే అవుతుంది. ఉన్నదాన్ని అందరికీ పంచాలంటే లిమిటర్‌ను మాస్క్ లేకుండా వదిలి, దాని కింది క్యూకు మాస్క్ పెట్టాలి. ల్యాన్ రూల్‌లో అప్‌లోడ్ క్యూకు సోర్స్ అడ్రస్‌నూ, డౌన్‌లోడ్ క్యూకు డెస్టినేషన్ అడ్రస్‌నూ ఎంచుకోవాలి. ఇక్కడ కూడా డబ్ల్యూఎఫ్2క్యూ+నే వాడండి. ఎఫ్‌క్యూ-కోడెల్ కనెక్షన్ల మధ్య సమానత్వం చూస్తుంది కానీ మనుషుల మధ్య కాదు, కాబట్టి ఇరవై కనెక్షన్లు తెరిచిన డౌన్‌లోడ్ సాఫ్ట్‌వేర్‌కు ఇరవై వాటాలు దక్కుతాయి.

సమస్య 5: షేపర్ పెట్టాక స్పీడ్ టెస్ట్ మరీ పడిపోయింది

పది శాతం తగ్గడం మనం కోరుకున్నదే. సగానికో అంతకంటే కిందికో పడిపోతే, ముందు లిమిటర్‌లో ఎంబీపీఎస్‌కు బదులు కేబీపీఎస్ ఎంచుకోలేదని నిర్ధారించుకుని, తరువాత టెస్ట్ నడుస్తుండగా ప్రాసెసర్ వాడకాన్ని కోర్ల వారీగా చూడండి. పాత చిన్న పెట్టెలు సాధారణ ట్రాఫిక్‌ను బాగానే మోసినా, కొన్ని వందల ఎంబీపీఎస్‌ను షేప్ చేసేటప్పుడు ఒక కోర్ నిండిపోయి చతికిలబడతాయి. దానికి సెట్టింగుల్లో మందు లేదు, పెట్టె మార్చాలి.

అలాగే, యూజర్ ల్యాప్‌టాప్ నుంచి ఫైర్‌వాల్ ల్యాన్ చిరునామాకే పింగ్ ఎక్కువగా వస్తుంటే లోపం వైఫైలో ఉంది. వ్యాన్ మీద ఏ రూల్ రాసినా అది తగ్గదు.

ఇవన్నీ సరిచేశాక లైన్ నిండి ఉన్నప్పుడు కూడా పింగ్ తక్కువగానే ఉండి, అయినా పనివేళల్లో అప్‌లోడ్ గ్రాఫ్ గంటల తరబడి పరిమితిని తాకుతూ ఉంటే, అప్పుడు మాత్రమే అవసరం నిజంగా లైన్‌ను మించింది. కొత్త ప్లాన్ కోసం అడిగేటప్పుడు డౌన్‌లోడ్ అంకెతో తృప్తిపడకుండా అప్‌లోడ్ ఎంత, ఎఫ్‌యూపీ దాటాక ఎంత అనేవి రాతపూర్వకంగా తీసుకోండి. లైన్ మారిన రోజునే రెండు లిమిటర్ల అంకెలూ మార్చి, పింగ్ పరీక్ష మళ్లీ చేయండి.