పేపర్ తెరవబోతే డబ్బు అడుగుతోందా? ముందు పేజీ పైన చూడండి

లైబ్రరీ ద్వారా ఆన్‌లైన్‌లో రావాల్సిన రీసెర్చ్ పేపర్ రావడం లేదని ఎవరు చెప్పినా, లైబ్రరీలో పనిచేసే నేను మొదట అడిగేది ఒకటే: ఆ పేజీ పైన మీ కాలేజీ పేరు ఉందా? చాలామంది చూడరు. పాస్‌వర్డ్ మారుస్తారు, బ్రౌజర్ మారుస్తారు, చివరికి మన కాలేజీకి ఆ జర్నలే లేదని తేల్చేసుకుంటారు. తెల్లారితే సబ్మిషన్ అన్న టెన్షన్‌లో కార్డు తీసి సొంత డబ్బు కట్టేసేవాళ్లూ ఉన్నారు. కాలేజీ ఏడాది మొత్తానికీ చందా కట్టిన జర్నల్‌లోని పేపర్‌కి విద్యార్థి మళ్లీ డబ్బు పెట్టడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

సైన్స్‌డైరెక్ట్, జేస్టోర్, స్ప్రింగర్, వైలీ లాంటి జర్నల్ సైట్లు మిమ్మల్ని ఫలానా కాలేజీ వాళ్లుగా గుర్తుపడితే ఆ కాలేజీ పేరు సాధారణంగా పేజీ పైవరసలోనో, పేపర్ శీర్షిక దగ్గరో కనిపిస్తుంది. పేరు లేదంటే సబ్‌స్క్రిప్షన్ ఉందా లేదా అని ఆలోచించి లాభం లేదు. మీరెవరో ఆ సైట్‌కి ఇంకా తెలియలేదు, అంతే. పేరు ఉండి కూడా పీడీఎఫ్ రాకపోతే అప్పుడు సబ్‌స్క్రిప్షన్ సంగతి చూడాలి. ఈ ఒక్క చూపుతో సగం గందరగోళం తీరిపోతుంది.

లక్షణం: ఇంట్లో కూర్చుని తెరిస్తే అబ్‌స్ట్రాక్ట్ (పేపర్ సారాంశం) వస్తుంది, పీడీఎఫ్ రాదు

కారణం: గూగుల్‌లో వెతికి నేరుగా పబ్లిషర్ సైట్‌కి వెళ్లారు. కాలేజీ తన నెట్‌వర్క్ ఐపీ అడ్రస్‌ల (ఇంటర్నెట్‌లో కనెక్షన్‌ని గుర్తుపట్టే అంకెల) జాబితాను పబ్లిషర్‌కి ముందే ఇచ్చి ఉంచుతుంది. ఆ అడ్రస్‌లలో ఒకదాని నుంచి వచ్చినవాళ్లకు తలుపు తీస్తారు. మీ ఇంటి ఇంటర్నెట్ ఆ జాబితాలో ఉండదు కదా.

పరిష్కారం: లైబ్రరీ వెబ్‌సైట్ నుంచి మొదలుపెట్టండి. అక్కడి డేటాబేస్ లింకు మీద నొక్కి కాలేజీ లాగిన్ ఇస్తే, మీ తరఫున కాలేజీ సర్వరే పబ్లిషర్ దగ్గరికి వెళ్తుంది. ఇలా మధ్యవర్తిగా ఉండే సర్వర్‌నే ప్రాక్సీ అంటారు. చాలా కాలేజీల్లో ఈ పని ఈజీప్రాక్సీ అనే సాఫ్ట్‌వేర్ చేస్తుంది. అది పనిచేస్తోందో లేదో తెలియాలంటే అడ్రస్ బార్ చూడండి. పబ్లిషర్ అడ్రస్ వెనకే మీ కాలేజీ అడ్రస్ అతుక్కుని ఉంటుంది, చాలాచోట్ల పబ్లిషర్ పేరులోని చుక్కలు అడ్డగీతలుగా మారిపోయి ఉంటాయి. అలా కనిపించకపోతే మీరు ప్రాక్సీలో లేరు. కొన్ని కాలేజీలు ప్రాక్సీకి బదులు షిబ్బొలెత్ లేదా ఓపెన్‌అథెన్స్ అనే లాగిన్ పద్ధతులు వాడతాయి. అక్కడైతే పబ్లిషర్ పేజీలోనే ‘మీ సంస్థ ద్వారా ప్రవేశించండి’ అనే అర్థం వచ్చే బటన్ ఉంటుంది. దాన్ని నొక్కి కాలేజీ పేరు ఎంచుకోండి. ఆ పక్కనే ఉండే మామూలు లాగిన్ బాక్స్ పబ్లిషర్ సొంత ఖాతాలది. అందులో కాలేజీ పాస్‌వర్డ్ కొట్టి ‘తప్పు’ అని వచ్చిందని కంగారుపడేవాళ్లను తరచూ చూస్తుంటాను.

గూగుల్ స్కాలర్ వదలలేమంటే దాని సెట్టింగ్స్‌లో ‘లైబ్రరీ లింక్స్’ దగ్గర మీ కాలేజీని చేర్చుకోండి. 5 లైబ్రరీల దాకా చేర్చుకోవచ్చు. మీ కాలేజీ ఆ సేవ పెట్టుకుని ఉంటే, ఆ తర్వాత ఫలితాల పక్కన లైబ్రరీ లింకు వస్తుంది. దాని మీదే నొక్కండి.

లక్షణం: క్యాంపస్‌లోనే ఉన్నాను, కాలేజీ వైఫైలోనే ఉన్నాను, అయినా డబ్బు అడుగుతోంది

ఇక్కడ కాస్త నిలబడాలి. నన్ను అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టింది ఇదే. పైకి అంతా సరిగ్గానే ఉంటుంది. విద్యార్థి రీడింగ్ రూమ్‌లోనే కూర్చుని ఉంటాడు, వైఫై గుర్తు నిండుగా ఉంటుంది, పక్కనే ఉన్న లైబ్రరీ డెస్క్‌టాప్‌లో అదే పేపర్ తెరుచుకుంటుంది. అతని ల్యాప్‌టాప్‌లో మాత్రం రాదు. దాంతో ల్యాప్‌టాప్ పాడైందనో, లైబ్రరీ వాళ్లు ఏదో ఆపేశారనో అనుకుంటారు.

అసలు కారణం ఏమిటంటే, మీరు కాలేజీలో కూర్చున్నా మీ ట్రాఫిక్ కాలేజీ అడ్రస్‌తో బయటికి వెళ్లడం లేదు. మధ్యలో ఏదో దాన్ని వేరే దారికి మళ్లిస్తోంది. వీపీఎన్ (మీ ట్రాఫిక్‌ని వేరే సర్వర్ గుండా తిప్పి పంపేది) ఉందా అంటే ‘నేను వాడట్లేదు’ అని వెంటనే చెప్తారు. నిజంగానే వాళ్లు పెట్టుకుని ఉండకపోవచ్చు. కానీ ఒపేరా లాంటి బ్రౌజర్లలో వీపీఎన్ లోపలే ఉంటుంది, ఎప్పుడో ఒకసారి నొక్కి మర్చిపోయి ఉంటారు. యాంటీవైరస్ ప్యాకేజీలు కొన్ని తమ సొంత వీపీఎన్ తెచ్చిపెడతాయి. బ్రౌజర్‌కి తగిలించుకున్న ఎక్స్‌టెన్షన్ ఒకటి ఆ పని చేస్తుండవచ్చు.

వీటన్నిటికంటే దొంగచాటుది యాపిల్ ప్రైవేట్ రిలే. 2021లో వచ్చింది, యాపిల్ వారి ఐక్లౌడ్ ప్లస్ చందా ఉన్నవాళ్లకు ఉంటుంది. సఫారీలో తెరిచిన సైట్లకు మీ అసలు ఐపీ అడ్రస్ కనిపించకుండా దాస్తుంది. అది మంచి ఉద్దేశంతో చేసిన పనే, కానీ పబ్లిషర్ మిమ్మల్ని గుర్తుపట్టేది ఆ అడ్రస్‌తోనే. పైగా ఇది సఫారీకి వర్తిస్తుంది, అదే ఫోన్‌లోని క్రోమ్‌కి వర్తించదు. అందుకే ఒకే ఫోన్‌లో ఒక బ్రౌజర్‌లో పేపర్ వస్తుంది, ఇంకోదాంట్లో రాదు. ఇలా కనిపించగానే నా అనుమానం ముందు ప్రైవేట్ రిలే మీదికే వెళ్తుంది.

తేల్చుకోవడం కష్టమేమీ కాదు. లైబ్రరీ డెస్క్‌టాప్‌లో ‘నా ఐపీ అడ్రస్ ఏమిటి’ అని చెప్పే సైట్ ఏదైనా తెరవండి. అదే సైట్‌ని మీ ల్యాప్‌టాప్‌లో, పేపర్ తెరుచుకోని బ్రౌజర్‌లోనే తెరవండి. అంకెలు అచ్చంగా కలవాలని లేదు, చివరివి తేడా రావచ్చు. నెట్‌వర్క్ ఎవరిదని చూపిస్తోందో చూడండి. డెస్క్‌టాప్‌లో కాలేజీ పేరో, కాలేజీకి ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ పేరో ఉండి, మీ దాంట్లో ఎప్పుడూ వినని కంపెనీయో, వేరే దేశమో కనిపిస్తే దొంగ దొరికినట్టే.

ప్రైవేట్ రిలేను పూర్తిగా తీసేయక్కర్లేదు. ఫోన్‌లో వైఫై సెట్టింగ్స్‌కి వెళ్లి, కాలేజీ నెట్‌వర్క్ పక్కన ఉన్న వివరాల గుర్తు నొక్కితే, ఐపీ అడ్రస్ ట్రాకింగ్‌ని పరిమితం చేసే స్విచ్ ఉంటుంది. ఆ ఒక్క నెట్‌వర్క్‌కి దాన్ని ఆపేస్తే చాలు. మిగతాచోట్ల అది తన పని తాను చేసుకుంటుంది. మిగిలిన వీపీఎన్‌లను పేపర్ చదివినంతసేపు ఆపండి.

ఇక్కడే రెండో మెలిక ఉంది. వీపీఎన్ ఆపి, పేజీ రీలోడ్ చేస్తే మళ్లీ డబ్బే అడగవచ్చు. ‘అయితే కారణం ఇది కాదన్నమాట’ అని దాన్ని మళ్లీ ఆన్ చేసేస్తారు. తొందరపడకండి. కొన్ని సైట్లు మొదట వచ్చినప్పుడు మీరెవరని అనుకున్నాయో దాన్నే కుకీలో దాచుకుని, ఆ సెషన్ అయ్యేదాకా అలాగే చూస్తాయి. ఆపేశాక ఆ ట్యాబ్ మూసి, ఇన్‌కాగ్నిటో విండో కొత్తగా తెరిచి అందులో ప్రయత్నించండి. అప్పుడు పేజీ పైన కాలేజీ పేరు వస్తే పని అయినట్టే. తర్వాత మామూలు విండోలో ఆ సైట్ కుకీలు తీసేయండి.

ఇదే జాతిది ఇంకోటి: కాలేజీ సొంత వీపీఎన్‌కి కనెక్టయి ఉన్నా పేపర్ రాకపోవడం. చాలా కాలేజీ వీపీఎన్‌లు కాలేజీ సర్వర్లకు వెళ్లే ట్రాఫిక్‌ని మాత్రమే తమ గుండా పంపుతాయి. పబ్లిషర్ సైట్‌కి వెళ్లేది మీ ఇంటి ఇంటర్నెట్ మీదే వెళ్తుంది. వీపీఎన్‌లో ‘మొత్తం ట్రాఫిక్’ అనే ఎంపిక ఉంటే అది పెట్టండి, లేకపోతే ప్రాక్సీ లింకు వాడండి.

ఫోన్ విషయంలో ఇంకొక్క మాట. సిగ్నల్ కాస్త తగ్గగానే కొన్ని ఫోన్లు చెప్పకుండా మొబైల్ డేటాకి మారిపోతాయి. పరీక్షించేటప్పుడు మొబైల్ డేటా ఆపేసి చూడండి. గెస్ట్ వైఫైని కూడా చాలాచోట్ల పబ్లిషర్లకు ఇచ్చిన జాబితాలో చేర్చరు.

లక్షణం: నిన్న తెరుచుకున్న లింకు ఈరోజు రావట్లేదు, ఫ్రెండ్‌కి పంపితే వాడికీ రాలేదు

అడ్రస్ బార్‌లోది కాపీ చేసి దాచుకున్నారు. డేటాబేస్‌లలో అది చాలాసార్లు ఆ ఒక్క సెషన్‌కే పనికొచ్చే లింకు. దాని బదులు పేజీలో ఉండే ‘పర్మలింక్’ (మారని లింకు) కానీ, డీఓఐ (పేపర్‌కి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) కానీ తీసుకోండి. 10, ఆ తర్వాత చుక్కతో మొదలయ్యేదే డీఓఐ. పబ్లిషర్ తన సైట్‌ని మార్చినా అది పేపర్ దగ్గరికే తీసుకెళ్లేలా కట్టిన ఏర్పాటు. రిఫరెన్సులు దాచుకునే సాఫ్ట్‌వేర్ జొటేరోలో పెట్టుకున్నా డీఓఐ గడి నిండిందో లేదో ఒకసారి చూసుకోండి.

లక్షణం: కాలేజీ పేరు పైన ఉంది, అయినా ఈ పేపర్ మాత్రం రాదు

ఇప్పుడిక సబ్‌స్క్రిప్షన్ సంగతే. లైబ్రరీ సైట్‌లోని ఈ-జర్నల్స్ జాబితాలో ఆ జర్నల్ పేరు కొట్టి, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా ఉందో చూడండి. ఆ సంవత్సరాలను ఎవరూ పట్టించుకోరు, జవాబు అక్కడే ఉంటుంది. ఉదాహరణకి జేస్టోర్‌లో చాలా జర్నల్స్‌కి కొత్త సంచికలు మామూలుగా 3 నుంచి 5 ఏళ్లు ఆలస్యంగా చేరతాయి. అదే జర్నల్ తాజా సంచికలు మీ లైబ్రరీకి వేరే ప్లాట్‌ఫామ్ ద్వారా వస్తుండవచ్చు, అదే జాబితాలో కనిపిస్తుంది. ఎక్కడా లేకపోతే బ్రౌజర్‌లో అన్‌పేవాల్ ఎక్స్‌టెన్షన్ పెట్టుకోండి, రచయితలు చట్టబద్ధంగా పెట్టిన ఉచిత ప్రతి ఉంటే చూపిస్తుంది. ఫిజిక్స్, గణితం, కంప్యూటర్ సైన్స్ అయితే ఆర్కైవ్ (arXiv), వైద్యం అయితే పబ్‌మెడ్ సెంట్రల్ అనే ఉచిత సైట్లు చూడండి. అప్పటికీ దొరక్కపోతే లైబ్రరీలో ఇంటర్ లైబ్రరీ లోన్ అడగండి. వేరే లైబ్రరీ నుంచి తెప్పించి ఇవ్వడం మా పనే, మొహమాటపడొద్దు.

మిగతావి

కాలేజీ పాస్‌వర్డ్ గడువు అయిపోవడం, పబ్లిషర్ సైట్ మరమ్మతులో ఉండటం: అరుదు, వాటంతటవే బయటపడతాయి. ఎవరో సాఫ్ట్‌వేర్‌తో వందల పేపర్లు ఒకేసారి డౌన్‌లోడ్ చేస్తే పబ్లిషర్ మొత్తం కాలేజీకే తలుపు మూసేయడం కూడా జరుగుతుంది. అప్పుడు క్యాంపస్‌లో ఎవరికీ రాదు, మీరు చేయగలిగింది లైబ్రరీకి చెప్పడమే.

చెప్పేటప్పుడు ‘రావట్లేదు’ అని ఒక్క మాట రాసి వదిలేయకండి. పేపర్ డీఓఐ, మీరు ఏ నెట్‌వర్క్‌లో ఉన్నారు, ఏ బ్రౌజర్, ఎన్ని గంటలకు జరిగింది రాయండి. అడ్రస్ బార్, పేజీ పైవరస రెండూ పూర్తిగా కనిపించేలా స్క్రీన్‌షాట్ జతచేయండి. మధ్యలో ఉన్న ఎర్రర్ మెసేజ్‌ని మాత్రమే కత్తిరించి పంపితే, మళ్లీ మిమ్మల్నే ప్రశ్నలు అడగాల్సి వస్తుంది, ఇంకో రోజు పోతుంది.