డాలస్ పక్కన కొత్తగా దిగినవాళ్ళకి: పోలీస్ ఆపితే కార్ దిగొద్దు

ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్), బ్యాంక్ అకౌంట్, సిమ్ సంగతులు మీ సీనియర్స్ చెప్తారు, నేను చెప్పేది ఒక్కటే. వెనకాల రెడ్, బ్లూ లైట్లు వెలిగితే ఇండికేటర్ వేసి కుడిపక్కకి తీసి ఆపండి, ఆపాక కార్ దిగొద్దు. మొన్న మా రూమ్‌లోకి వచ్చిన అబ్బాయి ఊళ్ళో అలవాటు కొద్దీ లైసెన్స్ చేత్తో పట్టుకుని సార్ సార్ అంటూ దిగి వెనక్కి నడిచాడు. మన దగ్గర అది మర్యాద, బండి పక్కన పెట్టి ఎస్ఐ గారి దగ్గరికి మనమే వెళ్తాం. ఇక్కడ మీదకొస్తున్నట్టు కనిపిస్తుంది, ఆఫీసర్ చెయ్యి గన్ మీదకి పోయింది, గెట్ బ్యాక్ ఇన్ ది కార్ అని ఒకటే అరుపు. పాపం వాడికి ఆ రాత్రి అన్నం దిగలేదు.

అద్దం దించండి, రాత్రైతే లోపల లైట్ వెయ్యండి, రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉంచండి. ఇన్సూరెన్స్ కాగితం తియ్యాలంటే ముందు నోటితో చెప్పి, ఆయన సరే అన్నాకే చెయ్యి కదపండి. తలూపడం కాదు, నోటితో యెస్ అనండి. ఎన్నిసార్లు చెప్పినా మనోళ్ళు ఇది వినరు! టెక్సస్‌లో 2017లో చట్టం చేసి మరీ హైస్కూల్ పిల్లలకీ, డ్రైవింగ్ నేర్చుకునేవాళ్ళకీ, పోలీసులకీ కూడా ట్రాఫిక్ స్టాప్‌లో ఒకరితో ఒకరు ఎలా మాట్లాడాలో నేర్పమన్నారు, మనం ఆ స్కూళ్ళలో చదవలేదు కదా, ఎవరో ఒకరు చెప్పాలి.

ఇండియాకి 011 91 కొట్టబోయి 911 (ఇక్కడ పోలీస్, అంబులెన్స్ ఎమర్జెన్సీ నంబర్) తగిలితే కట్ చెయ్యొద్దు, పొరపాటున వచ్చిందని చెప్పి పెట్టెయ్యండి, లేకపోతే వాళ్ళే తిరిగి చేస్తారు, ఇంటికి మనిషిని పంపినా పంపుతారు.

నా మొదటి నెలల్లో పోలీస్ కార్ కనిపిస్తే చాలు గుండె దడ. ఆ దడ తగ్గింది నేషనల్ నైట్ అవుట్‌లో, అంటే పోలీసులూ చుట్టుపక్కల జనమూ కలిసే ఏటేటా సాయంత్రం. మిగతా చోట్ల ఆగస్ట్‌లో చేస్తారు, ఇక్కడ ఎండలకి అక్టోబర్ మొదటి మంగళవారం, పోలీసులే అపార్ట్‌మెంట్ల దగ్గరికొచ్చి పిల్లల్ని పోలీస్ కార్ ఎక్కిస్తారు. అక్కడ ఒక ఆఫీసర్‌ని, మమ్మల్ని ఆపితే ఏం చెయ్యాలి అని అడిగితే నన్ను కార్లో కూర్చోబెట్టి, డిక్కీ మీద చెయ్యి ఆనించి నడుచుకుంటూ వచ్చి చూపించాడు. వెనక నుంచి వచ్చేటప్పుడు నీ చేతులు నాకు కనపడవు, నా భయమంతా అదే అన్నాడు. దయచేసి వెళ్ళండి, రూమ్‌లో కూర్చుని భయపడొద్దు.

సరే, మరీ బెదిరిపోకండి, చాలావరకు వార్నింగ్‌తోనో, మన చలానా లాంటి టికెట్‌తోనో ఐపోతుంది. టికెట్ మీద సంతకం పెడితే తప్పు ఒప్పుకున్నట్టు కాదు, కోర్టుకి జవాబు చెప్తానని మాటిచ్చినట్టు, అక్కడ వాదించకుండా పెట్టేసి ఇంటికెళ్ళండి, కాకపోతే దాని మీద డేట్ దాటనివ్వకండి, దాటితే వారెంట్ రావచ్చు.