సిస్టీన్ ఉన్న పెప్టైడ్‌కి పెగ్ తగిలించడం: నేను చేసే పద్ధతి

పెప్టైడ్‌కి (అమైనో ఆమ్లాల చిన్న గొలుసుకి) పెగ్, అంటే పాలిఇథిలీన్ గ్లైకాల్ లాంటి పాలిమర్ అతికించడానికి దారులు చాలానే ఉన్నాయి. లైసీన్ అనే అమైనో ఆమ్లం మీద అతుక్కునే ఎన్‌హెచ్‌ఎస్ ఎస్టర్ ఒకటి, 2022లో నోబెల్ తెచ్చిపెట్టిన, అణువుల్ని టక్కున జోడించే క్లిక్ కెమిస్ట్రీ ఇంకొకటి. పెప్టైడ్‌లో సిస్టీన్ (థయాల్ అనే గంధకం గుంపు ఉన్న అమైనో ఆమ్లం) ఒక్కటే ఉంటే మాత్రం నేను మాలిమైడ్ వైపే వెళ్తాను, అది పెగ్ చివర ఉండి థయాల్‌ని పట్టుకుంటుంది. పెగ్ ఎక్కడ అతుక్కుందన్న అనుమానం ఉండదు.

మొదటిసారి బాగా దెబ్బతిన్నాను. డైసల్ఫైడ్ (రెండు థయాల్స్ ఒకదానికొకటి అతుక్కున్న జంట) విడగొడదామని డీటీటీ అనే రసాయనం వేసి, దాన్ని తీసేయకుండానే పెగ్ కలిపేశాను. డీటీటీలోనే రెండు థయాల్స్ ఉన్నాయి కదా! ఖరీదైన పెగ్ అంతా దానికే అతుక్కుంది. హెచ్‌పీఎల్‌సీలో (మిశ్రమాన్ని విడదీసి ఒక్కో పదార్థాన్ని ఒక్కో పీక్‌గా చూపే యంత్రంలో) చూస్తే పెప్టైడ్ పీక్ ఎక్కడిదక్కడే ఉంది.

ఇప్పుడు లెక్కతో మొదలుపెడతాను. తూచిన 10 మిల్లీగ్రాములూ పెప్టైడ్ కాదు. అందులో నీళ్లు, టీఎఫ్‌ఏ (తయారీలో మిగిలిన ఆమ్లం) కూడా ఉంటాయి. సర్టిఫికెట్‌లో 70 శాతం అని ఉంటే 7 మిల్లీగ్రాములే. అణుభారం 1500 అయితే 4.7 మైక్రోమోల్స్. పెగ్ 5000 మాలిమైడ్ 3.9 మైక్రోమోల్స్, అంటే 19.5 మిల్లీగ్రాములు చాలు. పెప్టైడ్‌నే కాస్త ఎక్కువ ఉంచుతాను, మిగిలినా డయాలిసిస్‌లో (చిన్న అణువుల్ని మాత్రమే బయటికి వదిలే పొరలో ఉంచి కడగడంలో) పోతుంది. మిగిలిన పెగ్ అలా పోదు. పెగ్ సీసాని ఫ్రీజర్ నుంచి తీయగానే తెరవకండి, గది వేడికి రానివ్వండి, లేదంటే తేమ పట్టేస్తుంది.

బఫర్: 100 మిల్లీమోలార్ ఫాస్ఫేట్, పీహెచ్ 7, 2 మిల్లీమోలార్ ఈడీటీఏ (లోహాల్ని పట్టేసే పదార్థం). ఆక్సిజన్ పోయేలా ఇరవై నిమిషాలు నైట్రోజన్ పంపి, 2 మిల్లీలీటర్లలో పెప్టైడ్ కరిగించండి. టీఎఫ్‌ఏ వల్ల పీహెచ్ దిగిపోవచ్చు, మళ్లీ చూసుకోండి. 7.5 దాటితే లైసీన్ కూడా పోటీకొస్తుంది, మాలిమైడ్ నీళ్లతోనే పాడవుతుంది.

పెగ్ వేసేముందు ఎల్మన్ టెస్ట్ (థయాల్ ఎంత ఉందో కొలిచే పరీక్ష) చేయకుండా ఉండొద్దు. నూరు రెట్లు పలచన చేసి డీటీఎన్‌బీ (థయాల్‌తో కలిస్తే పసుపు రంగునిచ్చే రసాయనం) కలిపితే 412 నానోమీటర్ల దగ్గర రీడింగ్ 0.33 దరిదాపుల్లో రావాలి (కాంతి శోషణ గుణకం 14,150). సగమే వచ్చిందంటే సగం థయాల్ డైసల్ఫైడ్ అయిపోయినట్టే. అప్పుడు టీసీఈపీ (డైసల్ఫైడ్‌ని విడగొట్టే ఇంకో రసాయనం) వేసి, పెప్టైడ్‌ని పట్టి ఉంచే సీ18 కార్ట్రిడ్జ్ మీద ఆమ్లంలో కడిగి టీసీఈపీని వదిలించుకుంటాను. అది ఉండగా ఎల్మన్ చేస్తే రీడింగ్ దొంగ రీడింగే, ఎందుకంటే టీసీఈపీ కూడా డీటీఎన్‌బీని విడగొడుతుంది. మాలిమైడ్‌తోనూ కొంత చర్య జరుపుతుంది.

థయాల్ సరిపోయిందా? పెగ్ కలిపి, నైట్రోజన్ కింద గది వేడిలో రెండు గంటలు ఉంచండి. తర్వాత 3.5 కిలోడాల్టన్ మెంబ్రేన్‌లో డయాలిసిస్.

హెచ్‌పీఎల్‌సీలో 214 నానోమీటర్ల దగ్గర ఒక్క పీకే కనబడిందని సంబరపడకండి. పెగ్ గొలుసు యూవీలో దాదాపు కనిపించదు. మాలిమైడ్ లేని పెగ్ కొంత ఎప్పుడూ ఉంటుంది, దాన్ని సీ18 కాలమ్‌తోనే వేరుచేయాలి. అసలు సాక్ష్యం మాల్డీలో (అణువుల బరువు కొలిచే పద్ధతిలో) దొరుకుతుంది. 44 డాల్టన్ల ఎడంతో ఉన్న పెగ్ గుట్ట మొత్తం 1500 మేర పక్కకి జరగాలి.

రక్తంలోకి వెళ్లే శాంపిల్ అయితే ఇంకో పని మిగిలే ఉంది. ఒంట్లో ఉండే గ్లూటాథయోన్ లాంటి థయాల్స్ ఈ బంధాన్ని మెల్లగా ఊడదీస్తాయి. పీహెచ్ 9 దగ్గర ఉంచి సక్సినిమైడ్ వలయం (థయాల్‌తో కలిశాక మాలిమైడ్ మారే రూపం) తెరిస్తే బంధం గట్టిపడుతుంది. మాస్ 18 (ఒక నీటి అణువంత) పెరిగేదాకా మధ్యమధ్యలో శాంపిల్ తీసి చూస్తాను, గడియారం చూసి ఆపను.