డయోరమా కోసం యుద్ధకాలపు కట్టడాల పరిశోధన – మూడవ పాఠం: నక్షా నుంచి కొలతకు

గత పాఠంలో రెండవ ప్రపంచ యుద్ధ కాలపు బ్రిటిష్ వైమానిక స్థావరాల్లో ఒకదానినీ, దానికి ఒక తేదీనీ ఎంచుకోవడం నేర్చుకున్నాము. ఈ పాఠంలో, డయోరమా (ఒక దృశ్యాన్ని చిన్న నమూనాలతో చూపే అమరిక) కోసం అక్కడి ఒక కట్టడాన్ని 1/72 స్కేలులో, అంటే అసలు కొలతలో 72వ వంతుగా, ప్లాస్టిక్ షీటుతో మొదటి నుంచి తయారు చేయడానికి అవసరమైన కొలతలను రాబట్టే పద్ధతిని చూద్దాము.

ముందుగా సంపాదించవలసినది స్థావరపు సైట్ ప్లాను, అంటే కట్టడాలన్నీ ఎక్కడెక్కడ ఉన్నాయో చూపే నక్షా. ఇటువంటి ప్లానులు లండన్‌లోని హెండన్‌లో ఉన్న రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో భద్రపరచబడి ఉన్నాయి. ప్లానులో ప్రతి కట్టడానికీ ఒక సంఖ్య, దాని ఉపయోగం, అది ఏ డ్రాయింగు ప్రకారం కట్టబడిందో తెలిపే నంబరు ఉంటాయి. 343/43 అన్న నంబరు కంట్రోల్ టవరుది. ఆ రోజుల్లో దానిని వాచ్ ఆఫీస్ అనేవారు. గీతకు కుడివైపున ఉన్న 43, డ్రాయింగు 1943లో జారీ అయిందని చెబుతుందే కాని కట్టడం ఆ ఏడాదే లేచిందని చెప్పదు. 12779/41 ప్రకారం పెద్ద కిటికీలతో రూపొందిన టవరుకే తరువాత 343/43లో చిన్న కిటికీలు వచ్చాయి కనుక, మీ టవరు ముఖభాగంలో ఏ కిటికీలు ఉండాలో తేల్చగలిగేది మీరు ఎంచుకున్న తేదీకి దగ్గరలో తీసిన ఫొటో మాత్రమే. నేడు మ్యూజియంగా తీర్చిదిద్దిన టవరును చూసి రంగులు, రెయిలింగులు నిర్ణయించుకోవడం నా దృష్టిలో పరిశోధన కాదు.

ఇక అసలు పని ఫొటోలో కొలవడం. స్కేలు పట్టి ఫొటోను కొలిస్తే, దూరమైనది చిన్నదిగా కనిపిస్తుంది కాబట్టి లెక్క తప్పుతుంది. ఇటుకలను లెక్కపెడితే ఆ ఇబ్బంది ఉండదు, ఎందుకంటే గోడ ఎంత ఏటవాలుగా కనిపించినా వరసల సంఖ్య మారదు. నాటి బ్రిటిష్ ఇటుకను మధ్యనున్న సున్నంతో కలిపి 9 అంగుళాల పొడవు, 4½ అంగుళాల వెడల్పు, 3 అంగుళాల ఎత్తుగా తీసుకోవచ్చు, అంటే నాలుగు వరసలకు ఒక అడుగు. కిటికీ కింది అంచు నుంచి పై దూలం వరకు 16 వరసలు ఉంటే ఎత్తు 4 అడుగులు, స్కేలులో 16.9 మి.మీ. అదే కిటికీ వెడల్పుకు సరిపడా గోడలో పొడవు వైపు కనిపించే ఇటుకలు 8 వస్తే, అది 6 అడుగులు, అంటే 25.4 మి.మీ. అయితే యుద్ధకాలంలో హడావిడిగా కట్టిన తాత్కాలిక గోడలు చాలావరకు సగం ఇటుక మందం, అంటే 4½ అంగుళాలే. అందువల్ల వాటిలో పొడవు వైపులే వరుసగా కనిపిస్తాయి, లెక్క సులభమవుతుంది. మందమైన గోడల్లో పొడవు వైపులూ కొసలూ కలిసి కనిపిస్తాయి కనుక వాటిని విడివిడిగా లెక్కించాలి.

సిమెంటు పూత వేసిన గోడపై ఇటుకలు కనిపించవు. అప్పుడు తాత్కాలిక గోడకు బలం కోసం బయటికి పొడుచుకొచ్చినట్టు కట్టిన ఇటుక స్తంభాలను చూడండి; అవి సుమారు 10 అడుగులకు ఒకటి చొప్పున ఉంటాయి. ఒక స్తంభం మధ్య నుంచి తరువాతి స్తంభం మధ్య వరకు 42.3 మి.మీ. అని గుర్తుంచుకుంటే కట్టడం పొడవు కళ్లతోనే అంచనాకు వస్తుంది.

నిస్సెన్ హట్ (ముడతల రేకులతో కట్టిన, అడ్డంగా పడుకోబెట్టిన సగం గొట్టం ఆకారపు షెడ్డు) విషయంలో పని ఇంకా తేలిక. 16, 24, 30 అడుగుల వెడల్పుల్లో ఇవి ఉండేవి. 1/72లో అవి 67.7, 101.6, 127 మి.మీ. 16 అడుగుల హట్‌లో ఉక్కు కమానుల మధ్య దూరం దాదాపు 6 అడుగులు కాబట్టి ఆరు విభాగాల హట్ 36 అడుగులు, అంటే 152.4 మి.మీ. బయటి ముడతల రేకుల గీతలు ఒక పక్క నేల నుంచి కప్పు మీదుగా మరో పక్క నేలకు దిగుతాయి, లోపలి రేకులకు మాత్రం అడ్డంగా ఉంటాయి. తలుపు తెరిచి ఉంచే మోడల్‌లో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రేకు ముడత 3 అంగుళాలకు ఒకటి, అనగా 1.06 మి.మీ., ఇటుక వరసకు సరిగ్గా సమానం. కనుక ఒకే గీత దూరంతో రెండు పనులూ చేసుకోవచ్చు.

టీ2 రకం హ్యాంగరును (విమానాలను ఉంచే పెద్ద షెడ్డును) మొత్తంగా కట్టే ఆలోచన మానుకోవడం మంచిది. దాదాపు 240 అడుగుల పొడవున్నది 1/72లో ఒక మీటరు దాటుతుంది; వెనుక తెరగా ఒక తలుపు భాగం చాలు. రంగుల విషయానికి వస్తే, నలుపు తెలుపు ఫొటోలో ఎరుపు, ఆకుపచ్చ ఒకే బూడిద రంగుగా రావచ్చు కాబట్టి ఆ ఒక్క ఆధారంతో రంగు తేల్చకండి.

వచ్చే పాఠానికి ముందు ఒక అభ్యాసం. మీ టవరు ఫొటోలో రెండు కిటికీలను, ఒక తలుపును ఎంచుకుని, ప్రతిదాని ఎత్తునూ వెడల్పునూ ఇటుకల లెక్కతో రాయండి. తరువాత అదే గోడ మొత్తం పొడవును వేరుగా లెక్కపెట్టి, కిటికీలు, తలుపు, వాటి మధ్యనున్న గోడ ముక్కలు, అన్నీ కూడి ఆ పొడవుకు సరిపోతున్నాయేమో చూడండి. ఒక ఇటుక పొడవు కన్నా ఎక్కువ తేడా వస్తే షీటు కోయకుండా మళ్లీ లెక్కించండి. వచ్చే పాఠం ఈ సంఖ్యలతోనే మొదలవుతుంది.