విజయవాడ నుంచి రాజమండ్రికి మెమూ రైలులో తక్కువ ఖర్చుతో వెళ్లడం ఎలా?

విజయవాడ, రాజమండ్రి మధ్య దూరం దాదాపు 150 కిలోమీటర్లు. ఎక్స్‌ప్రెస్ జనరల్ టికెట్టుకు అయ్యే దానిలో సుమారు సగం ఖర్చుతోనే, దగ్గరి ఊళ్ల మధ్య నడిచే కరెంటు రైలైన మెమూలో వెళ్లవచ్చు. రిజర్వేషన్ అవసరం లేదు. మంచినీళ్లు, చిల్లర దగ్గర పెట్టుకుని, రైలు వేళను ముందురోజే చూసుకుంటే సన్నాహం పూర్తయినట్టే.

రైలు ఏ దారిన వెళుతుందో కూడా చూసుకోవాలి. ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగా వెళ్లేది దగ్గరి దారి. గుడివాడ, భీమవరం మీదుగా వెళ్లేది చుట్టుదారి కనుక, ఆ వైపు పని లేనివారు దానిని ఎక్కకూడదు.

చాలామంది పొరపాటు పడేది టికెట్టు దగ్గరే. కౌంటరులో "రాజమండ్రి ఒకటి" అని మాత్రమే అడిగితే ఎక్స్‌ప్రెస్ టికెట్టు చేతికి రావచ్చు. అప్పుడు మెమూ ఎక్కినా ఆదా ఏమీ ఉండదు. "రాజమండ్రి, ఏలూరు మీదుగా, ఆర్డినరీ" (అంటే మెమూ, ప్యాసింజరు రైళ్లకు ఉండే తక్కువ ఛార్జీ టికెట్టు) అని స్పష్టంగా అడిగి, టికెట్టు మీద ఆర్డినరీ అని ఉందో లేదో కౌంటరు వదలకముందే చదువుకోవాలి. ఆర్డినరీ కనీస ఛార్జీ 10 రూపాయలైతే ఎక్స్‌ప్రెస్‌కు అది 30 రూపాయలు. సూపర్‌ఫాస్ట్‌లో జనరల్‌కు మరో 15 రూపాయలు అదనం.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం ప్లాట్‌ఫారం మీద ఎదురవుతుంది. మెమూ ఆలస్యమై, పక్క ప్లాట్‌ఫారం మీదికి ఎక్స్‌ప్రెస్ వచ్చి ఆగగానే, ఆర్డినరీ టికెట్టు చేతిలో ఉన్నవారు కూడా అందులోకి ఎక్కేస్తారు. ఒకసారి ఒక కుర్రవాడు అలాగే ఎక్కి, ఏలూరు రాకముందే తనిఖీలో పట్టుబడి, మడత విప్పిన టికెట్టును చూపిస్తూ "టికెట్టు ఉంది కదండీ" అంటూ నిలబడిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. టికెట్టు ఉన్నా అది ఆ రైలుకు చెల్లదు. ఛార్జీలో తేడాతో పాటు కనీసం 250 రూపాయల జరిమానా కట్టవలసి వస్తుంది. అందువల్ల ఎక్కేముందు రైలు నంబరు చూడాలి: మొదటి అంకె 5 అయితే ప్యాసింజరు, 6 అయితే మెమూ, 7 అయితే డెమూ (మెమూ లాంటిదే, డీజిల్‌తో నడిచేది). అంకె 1 గాని 2 గాని అయితే మీ ఆర్డినరీ టికెట్టుతో ఎక్కకూడదు. త్వరగా వెళ్లక తప్పకపోతే ముందుగా కౌంటరుకు వెళ్లి ఎక్స్‌ప్రెస్ టికెట్టు తీసుకోవాలి.

ఉదయమే టికెట్టు కొని సాయంత్రం ఎక్కుదామనుకోవడమూ తప్పే. 200 కిలోమీటర్లలోపు జనరల్ టికెట్టుతో కొన్న మూడు గంటల్లోపు, లేదా ఆ ఊరికి వెళ్లే తొలి రైలుకు, వీటిలో ఏది ఆలస్యమైతే అంతలోపు ప్రయాణం మొదలుపెట్టాలి. ఫోనులో కొనవచ్చు గాని, ఛార్జింగు అయిపోతే చూపించడానికి ఏమీ ఉండదు కనుక కాగితం టికెట్టే తీసుకోవాలి.

దారిలో ఎక్స్‌ప్రెస్‌లకు దారి ఇవ్వడానికి మెమూను ఆపుతుంటారు కాబట్టి, పెళ్లి ముహూర్తానికో పరీక్షకో వెళ్లేవారు కనీసం రెండు గంటలు ముందు చేరే రైలును ఎంచుకోవాలి. పుష్కర ఘాటు వైపు పని ఉన్నవారు, కొవ్వూరు తరువాత వంతెన దాటగానే వచ్చే గోదావరి స్టేషనులో దిగితే ఆటో ఖర్చు కూడా తగ్గుతుంది.