విశాఖలో జంటగా స్కూబా డైవింగ్, క్రూయిజ్: ఏది ముందు?

ముందు డైవ్, తర్వాత ఓడ, విమానం ఎక్కాల్సి ఉంటే అన్నిటికన్నా చివర. ఈ వరుస కుదిరితే సగం ప్లాన్ అయిపోయినట్టే.

కారణం ఉంది. నీళ్ల అడుగున పీడనం ఎక్కువ కాబట్టి మనం పీల్చే గాలిలోని నైట్రోజన్ ఒంట్లో ఎక్కువగా కరుగుతుంది. పైకి వచ్చాక అది మెల్లగా బయటికి పోవాలి. ఈలోగా పీడనం తక్కువుండే ఎత్తుకు వెళ్తే బుడగలు కట్టి కీళ్ల నొప్పుల నుంచి పక్షవాతం దాకా రావచ్చు. అందుకే ఒక డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, అంతకు మించి చేస్తే 18 గంటలు విమానం ఎక్కవద్దంటారు. ఓడ సముద్ర మట్టంలోనే ఉంటుంది కదా, ఆ గంటలు డెక్ మీద కబుర్లతో గడిచిపోతాయి.

బయటి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు వేసుకునే ప్లాన్ ఒకటుంది: పొద్దున్న రుషికొండలో డైవ్, మధ్యాహ్నం అరకు. వద్దు. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు, దారిలో ఘాట్ ఇంకా పైకి ఎక్కుతుంది. నైట్రోజన్‌కు కొండైనా విమానమైనా ఒకటే. అరకు చూడాలంటే డైవ్‌కు ముందే చూసి రండి.

1. ఓడ తేదీలు ముందు చూడండి. విశాఖ నుంచి 2022 జూన్‌లో కార్డీలియా క్రూయిజ్ ఓడ బయల్దేరింది, 2023లో పోర్టులో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. అయినా ఓడలు ఏడాది పొడవునా ఉండవు. పైగా డైవింగ్‌కు చలికాలం నుంచి మార్చి దాకా నయం, వానాకాలంలో పడవే కదలకపోవచ్చు. అందుకని ఓడకు రెండు రోజుల ముందే ఊళ్లో దిగండి. డైవ్ రద్దయితే డబ్బు వెనక్కి ఇస్తారో లేదో బుకింగ్ రోజే అడగండి. అండమాన్ నీళ్లను ఊహించుకుని మాత్రం రాకండి, మన బంగాళాఖాతం చాలా రోజులు మసకగానే ఉంటుంది.

2. ఆరోగ్యం ఫారం నిజాయితీగా నింపండి. ఆస్తమా, గుండె జబ్బు ఉంటే డాక్టర్ సరేనన్నాకే. గర్భిణులు దిగకూడదు. జలుబు ఉన్నా ఆగిపోండి. మాత్ర వేసుకుని దిగితే, నీళ్లలో ఉండగానే దాని పని అయిపోయాక చెవుల్లో గాలి ఇరుక్కుంటుంది.

3. డైవ్ రోజు పొద్దున్న రెండు ఇడ్లీలు చాలు. అనుభవం లేనివాళ్లను శిక్షకుడితోనే, గరిష్ఠంగా 12 మీటర్ల లోతు దాకా తీసుకెళ్తారు. ముక్కు మూసి మెల్లగా గాలి ఊది, చెవులు నొప్పి పెట్టకముందే సర్దుకోండి. ఊపిరి ఎప్పుడూ బిగపట్టొద్దు.

సైగలు ఒడ్డునే ఇద్దరూ కలిసి ప్రాక్టీస్ చేయండి. మా ఆయన కింద చేపల గుంపును చూసి సంబరంగా నాకు బొటనవేలు ఎత్తి చూపించారు. నీళ్లలో ఆ సైగకు అర్థం ‘పైకి పోదాం’. శిక్షకుడు వెంటనే ఆయన జాకెట్ పట్టుకుని పైకి బయల్దేరాడు. పైకి వచ్చాక ‘బాగుందన్నాను కదండీ’ అని ఆయన గోల! బాగుందని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి.

ఇంకో మాట: ఒకరికి భయమేస్తే రెండోవాళ్లు బలవంతపెట్టొద్దు. ఒకరికొక శిక్షకుడు ఉండేలా అడగండి. మీ జంటలో ఈత వచ్చినవాళ్లుంటే వాళ్లే రెండోవాళ్లను చూసుకుంటారనుకోవడం పొరపాటు.

4. ఇక ఓడ. గుర్తింపు కార్డు చేతి సంచిలో, తడి బట్టలు విడిగా కవర్లో. చెకిన్ గడువు ఓడ కదలడానికి గంటల ముందే ముగుస్తుంది, డైవ్ అదే రోజు పెట్టుకోకండి. కడుపు తిప్పే రకమైతే కింది అంతస్తులో, ఓడ మధ్యలో గది తీసుకోండి. అక్కడ ఊపు తక్కువ. డైవ్ అయిన రాత్రి మద్యం, వేడినీళ్ల టబ్ రెండూ మానేసి మంచినీళ్లు బాగా తాగండి.

ఓడలో కీళ్ల నొప్పి, తిమ్మిరి, విపరీతమైన అలసట అనిపిస్తే ‘పొద్దుటి నుంచి తిరిగాం కదా’ అని సరిపెట్టుకోవద్దు. ఓడ డాక్టర్ దగ్గరికి వెళ్లి, ముందుగా చెప్పాల్సిన మాట ‘నిన్న డైవ్ చేశాం’.