సోషల్ యాంగ్జైటీతో డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు మన బాధ అర్థమయ్యేలా చెప్పడం ఎలా?

సోషల్ యాంగ్జైటీ, అంటే నలుగురిలో ఎదుటివాళ్లు ఏమనుకుంటారో అన్న విపరీతమైన భయం, ఉన్నవాళ్లు సైకియాట్రిస్ట్ గదిలో చేసేది దాదాపు ఒకటే. లోపలికి వెళ్తారు, నవ్వుతారు, "బానే ఉన్నాను సార్, కాస్త టెన్షన్ అంతే" అంటారు, చీటీ పట్టుకుని బయటికొచ్చి మెట్లు దిగుతూనే "ఆయనకి నా బాధ అర్థం కాలేదు" అని మొదలుపెడతారు. చెప్పందే ఎలా అర్థమవుతుంది? నాకూ ఇదే జబ్బు, పైగా వైజాగ్‌లో తెలిసినవాళ్లకి తోడు వెళ్లే డ్యూటీ కూడా నాదే, ఎప్పుడు చూసినా ఇదే తంతు. డాక్టర్ల తప్పు అసలు లేదని కాదు. ఒకాయన నాతో "రోజూ సాయంత్రం బీచ్‌కి వెళ్లు, నలుగురిలో కలువు, అదే పోతుంది" అన్నాడు. ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ బండి దగ్గర నిలబడి "అన్నా, ఒకటి" అనడానికి నోరు పెగలకే కదా నేను ఆయన దాకా వెళ్లింది! సరే, ఆయన తీరు మన చేతిలో లేదు, చెప్పే పద్ధతి మన చేతిలో ఉంది.

ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలో చూసుకోండి. మందులు రాసేది సైకియాట్రిస్ట్. మాటలతో, సాధనతో చేసే చికిత్స క్లినికల్ సైకాలజిస్ట్‌ది, వాళ్లకి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి, బోర్డు మీద కౌన్సెలర్ అని రాసుంటే చాలదు. డబ్బుకి ఇబ్బందైతే వైజాగ్‌లో ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్ ఉంది, చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆ గేటు దగ్గర తెలిసినవాళ్లు చూస్తారేమో అంటారా, వాళ్లు అక్కడికి ఎందుకొచ్చారో మీరూ అడగండి.

పట్టుకెళ్లాల్సినవి: పాత చీటీలు, పాత టెస్టుల రిపోర్టులు, మంచినీళ్ల సీసా, ఒక తెల్ల కాగితం. అంతే.

అసలు పని ఆ కాగితంతోనే, ఇక్కడే అందరూ పాడుచేస్తారు. మిగతా జబ్బులు డాక్టర్ ముందు బయటపడతాయి, ఇది మాత్రం డాక్టర్ ముందే దాక్కుంటుంది. ఎదుటివాడు ఏమనుకుంటాడో అన్న భయమే జబ్బైనప్పుడు, ఆ ఎదుటివాడు డాక్టరే అయితే ఇంకేముంది, ఆయన ఏమన్నా "అవును సార్" అనేస్తాం. నిద్ర పడుతోందా, పడుతోంది సార్. తిండి తింటున్నావా, తింటున్నాను సార్. ఆయన "కొంచెం సిగ్గు ఎక్కువ" అని రాసుకుంటాడు. బయట ఇరవై మంది ఓపీ చీటీలు పట్టుకుని కూర్చుని ఉంటే మీ నవ్వు వెనక ఏముందో తవ్వే తీరిక ఆయనకి ఉండదు. అందుకే నోటితో చెప్పాలనే పంతం వదిలేయండి. రాసుకెళ్లి చేతికివ్వండి.

ఫోన్‌లో రాసుకోవద్దు. ఫోన్ డాక్టర్ చేతికివ్వడానికి మొహమాటపడి మళ్లీ మీరే చదవబోతారు, రెండో లైనుకే గొంతు ఆరిపోతుంది. కాగితమైతే బల్ల మీద పెట్టి "సార్, చెప్పలేకపోతున్నాను, రాసుకొచ్చాను" అంటే పనైపోతుంది. ఒక్క పేజీ, ఒక్క వైపు. తెలుగులోనే రాయండి, ఇంగ్లిష్‌లో రాస్తే నెట్‌లో చదివిన లక్షణాలు ఎక్కించేస్తారు, అది మీ బాధలా ఉండదు, పరీక్ష పేపర్‌లా ఉంటుంది.

"నాకు కాన్ఫిడెన్స్ లేదు" లాంటివి రాయకండి, దాంతో డాక్టర్ ఏం చేసుకుంటాడు? జరిగింది రాయండి. నాతో వచ్చిన ఒక కుర్రాడు రాసింది ఇలా ఉంది: "షేర్ ఆటోలో మద్దిలపాలెంలో దిగాలి. ఆపండి అంటే అందరూ నావైపు చూస్తారు. అనలేక ఇసుకతోట దాకా వెళ్లి వెనక్కి నడిచాను. చెమటకి చొక్కా తడిసిపోయింది. అప్పటినుంచీ ఆటో ఎక్కడం మానేశాను, ఇంటర్వ్యూకి కూడా పోలేదు." డాక్టర్ అది రెండుసార్లు చదివాడు, ఆ తర్వాతే కుర్చీ ముందుకు లాక్కుని ప్రశ్నలు వేశాడు. ఎక్కడ జరిగింది, ఏమవుతుందని భయపడ్డారు, ఒంట్లో ఏమైంది, తప్పించుకోడానికి ఏం చేశారు, దానివల్ల ఏం పోగొట్టుకున్నారు, అన్నీ అందులో ఉన్నాయి. ఎప్పటినుంచి అన్నది కూడా రాయండి, సాధారణంగా ఆరు నెలలు, అంతకు మించి ఉందా అని చూస్తారు. ఫంక్షన్‌కి ముందు ధైర్యానికి మద్యం పుచ్చుకుంటుంటే అదీ రాయాలి. ఆస్తమా ఉంటే తప్పకుండా రాయండి, దడ తగ్గడానికి ఇచ్చే ప్రొప్రనలాల్ ఆస్తమా ఉన్నవాళ్లకి పడదు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే అది కాగితంలో మొదటి లైను కావాలి, అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా 14416కి ఫోన్ చేయండి, అది టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, రాత్రయినా తీస్తారు. ఫోనంటేనే దడ అయితే ఇంట్లోవాళ్లతో నంబర్ కలిపించండి.

అమ్మని గదిలోకి తీసుకెళ్లకండి. తోడు రానివ్వండి, బయట కూర్చోబెట్టండి. లోపలికొస్తే మీ బదులు ఆవిడే చెప్పేస్తుంది, "ఏటీ లేదు డాక్టర్ గారూ, చిన్నప్పటినుంచీ వీడింతే, నోట్లో వేలు పెడితే కొరకలేడు." ఇంక మీ కాగితం జేబులోనే ఉండిపోతుంది. పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లు ఒంటరిగా మాట్లాడతామని అడగొచ్చు, చెప్పింది గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది.

చదివాక కూడా "సిగ్గేలే, తగ్గిపోతుంది" అంటే "అవును సార్" అనకండి. కాగితంలో ఏం పోగొట్టుకున్నారో రాసిన లైను చూపించి, "దీనివల్ల ఇది పోయింది సార్, సోషల్ యాంగ్జైటీ ఏమో చూస్తారా?" అని అడగండి. ఈ ఒక్క వాక్యం ఇంట్లో పైకి అని, నోటికి వచ్చేదాకా అలవాటు చేసుకోండి. దడ, వణుకు థైరాయిడ్ వల్ల కూడా వస్తాయి కాబట్టి టెస్టు రాస్తే మిమ్మల్ని నమ్మలేదని అనుకోవద్దు.

మందు రాస్తే పేరు, ఎందుకు, ఎన్నాళ్లు అని అడిగి కాగితం వెనక రాసుకోండి. ఎస్సిటలోప్రామ్, సెర్‌ట్రలిన్ లాంటివి పనిచేయడానికి వారాలు పడుతుంది, మొదట్లో కంగారు కాస్త పెరగొచ్చు కూడా, నాలుగు రోజులకే పనిచేయలేదని మానేసి డాక్టర్‌ని తిట్టేవాళ్లని చూసి విసిగిపోయాను. ఆపాలంటే ఆయన్ని అడిగి మెల్లగా తగ్గించాలి. సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, మాటలతో, సాధనతో చేసే చికిత్స) గురించి కూడా అడగండి, ఈ జబ్బుకి బాగా పనిచేస్తుందని రుజువైన చికిత్స అది, భయపడే పనుల్ని చిన్నవాటితో మొదలుపెట్టి మెట్లు మెట్లుగా చేయిస్తారు. ఆటో ఆపమనడం అందులో ఒక మెట్టే.

డాక్టర్ ముక్తసరిగా మాట్లాడాడని మార్చేయకండి, రెండోసారి వెళ్లండి. అప్పుడూ కాగితం చదవకపోతే మార్చండి. కొత్తాయన దగ్గరికి పాత చీటీలతో పాటు అదే కాగితం పట్టుకెళ్లండి, ఇందుకే ముందే జిరాక్స్ తీసి పెట్టుకోమంటాను.